బ్యాటరీ ఫుల్ చూపిస్తుంది, రాత్రికి బ్యాకప్ రాదు: సోలార్ ఇన్వర్టర్‌లో ఏం చూడాలి?

సమస్య: సాయంత్రానికి ఇన్వర్టర్‌లో ఫుల్ అని ఉంటుంది. కరెంటు పోయిన గంటకే లో బ్యాటరీ బీప్ మొదలవుతుంది. నేను చెప్పేది రెండు 12 వోల్టుల ట్యూబులర్ బ్యాటరీలను (నీళ్లు పోసుకునే రకం) సిరీస్‌లో, అంటే ఒకదాని ప్లస్‌ను ఇంకోదాని మైనస్‌కు, కలిపిన 24 వోల్టుల సిస్టం గురించి.

ముందు మధ్యాహ్నం ఎండలో ఛార్జింగ్ ఆఖరుకొచ్చాక మల్టీమీటర్‌తో ఒక్కో బ్యాటరీ వోల్టేజీని విడిగా చూడండి. దయచేసి ఇది వదిలేయకండి. ఫోన్ చేసినవాళ్లు "ఇన్వర్టర్‌లో 28.8 ఉందన్నా, అంతా బాగానే ఉంది" అంటారు. ఇన్వర్టర్‌కు తెలిసేది మొత్తమే. ఒకదాని మీద 15.2, ఇంకోదాని మీద 13.6 ఉన్నా కూడితే 28.8 వస్తుంది. మొదటిది ఉడికిపోతుంటుంది, రెండోదానికి కడుపు నిండదు.

ఇంత తేడా ఎందుకొస్తుంది? నన్ను ఒకసారి గట్టిగా దెబ్బకొట్టిన కారణం చెబుతాను. తిరుచానూరు వైపు ఒక ఇంట్లో ఒక బ్యాటరీ నీళ్లు లాగేస్తోందని, చెడిపోయింది అదేనని మార్పించాను. మూడు నెలలకే కొత్తది కూడా నీళ్లు తాగడం మొదలుపెట్టింది. అప్పుడు టార్చి వేసుకుని కింద కూర్చుని చూస్తే, రెండో బ్యాటరీ బోల్టుల కింద చుట్టిన సన్నటి ఎరుపు, నలుపు వైర్లు కనిపించాయి. కెమెరాకు, వైఫై రౌటర్‌కు 12 వోల్టులు కావాలని ఎవరో ఆ ఒక్కదాని నుంచే తీసుకున్నారు. ఆ ఇంటివాళ్ల డబ్బు వృథా అయింది నా వల్లే, ఇప్పటికీ బాధగా ఉంటుంది.

కెమెరా, రౌటర్ రెండూ కలిపి ఒక ఆంపియర్ లాగినా రోజుకు 24 ఆంపియర్ అవర్లు పోతాయి. సిరీస్‌లో ఛార్జింగ్ కరెంటు రెండింటిలో ఒకేలా పారుతుంది కాబట్టి ఆ లోటు వైర్లు ఉన్నదానికే మిగులుతుంది. అది నిండేలోపు వైర్లు లేనిది ఎక్కువ ఛార్జ్ అయి నీళ్లు ఆవిరి చేసుకుంటుంది. అంటే నీళ్లు తాగేది ఒకటి, ఆకలితో పాడయ్యేది ఇంకోటి. అందుకే మనం తప్పు బ్యాటరీని మార్చేస్తాం.

పరిష్కారం: ఆ వైర్లు తీసేయండి. రౌటర్‌ను ఇన్వర్టర్ అవుట్‌పుట్‌లో మామూలు అడాప్టర్‌తో పెట్టండి, లేదా మొత్తం 24 వోల్టుల మీద 24 నుంచి 12కు దించే కన్వర్టర్ పెట్టండి. ప్యానెళ్లు, ఇన్వర్టర్ ఆపి, రెండు బ్యాటరీలను కలిపే లింక్ వైరు విప్పి, తగ్గిన బ్యాటరీని 12 వోల్టుల ఛార్జర్‌తో విడిగా ఛార్జ్ చేయండి. 150 ఆంపియర్ అవర్ల బ్యాటరీకి 15 ఆంపియర్లు చాలు. 14.4 వోల్టులకు చేరాక కూడా ఆపొద్దు. గంటకోసారి హైడ్రోమీటర్‌తో (యాసిడ్ సాంద్రత, అంటే గ్రావిటీ, కొలిచే పరికరం) చూసి, మూడుసార్లు గ్రావిటీ మారకుండా 1.240 దగ్గర నిలిస్తే నిండినట్టు. ఒక రోజు పట్టినా ఓపిక పట్టండి. బ్యాటరీలోని ఆరు సెల్స్‌లో ఒకదాని గ్రావిటీ మాత్రం పెరగకపోతే ఆ బ్యాటరీ అయిపోయింది. చాలాకాలం ఆకలితో ఉంటే ప్లేట్లు గట్టిపడి ఏ సెల్‌లోనూ గ్రావిటీ పెరగకపోవచ్చు. అప్పుడు రెండింటినీ కలిపే మార్చండి, కొత్తదానికి పాతది జత చేయొద్దు.

బ్యాకప్ తగ్గించే మిగతా కారణాలు, టెర్మినళ్ల చిలుము, బోరు నీళ్లు పోయడం, మీకు తెలిసినవే. ప్యానెళ్ల నుంచి ఛార్జింగ్‌ను అదుపు చేసే కంట్రోలర్ పాడవడం అరుదు. లిథియం, సీల్డ్ బ్యాటరీలకు ఈ పద్ధతి వాడకండి.

మళ్లీ కలిపాక వారం పాటు రోజూ మధ్యాహ్నం మీటరు పెట్టి చూడండి. రెండింటి మధ్య తేడా 0.2 వోల్టులు దాటకపోతే సరే. రోజురోజుకూ పెరుగుతుంటే మాత్రం ఇంకో వైరు ఎక్కడుందో వెతకండి.