పార్టు కొనే ముందు పరీక్ష: సెకండ్ హ్యాండ్ కారులో అంతుచిక్కని లోపాన్ని పట్టుకునే పద్ధతి

సెకండ్ హ్యాండ్ కారు మీద పోసే డబ్బులో చాలా భాగం ఊహ మీద మార్చిన పార్టులకే పోతుంది. సెన్సర్ మార్చి చూద్దాం, తగ్గకపోతే కాయిల్ మారుద్దాం, అదీ కాకపోతే ఈసీఎం (ఇంజిన్ కంప్యూటర్) చూద్దాం అంటూ నాలుగు పార్టులు మారాక కూడా బండి అలాగే మిస్సింగ్ కొడుతూ (సిలిండర్ సరిగ్గా మండక తడబడుతూ) ఉంటుంది. మార్చినవాటిలో ఒకటి నాసిరకందైతే కొత్త లోపం తోడవుతుంది, ఇక ఏది దేనివల్లో విడదీయడం ఇంకా కష్టం. అందుకే ఈ పని మొత్తానికీ ఒకే నియమం పెట్టుకోండి: పరీక్షలో రీడింగు వచ్చి, అది ఫలానా పార్టు పోయిందని చూపించేదాకా ఆ పార్టు కొనకండి.

లోపం ఎప్పుడు వస్తోంది

లోపం వచ్చిన ప్రతిసారీ ఈ వివరాలు రాసుకోండి: ఇంజిన్ చల్లగా ఉందా, వేడిగా ఉందా, స్టార్ట్ చేసి ఎంతసేపైంది, వేగం, గేరు, ఏసీ వేసి ఉందా, ట్యాంకులో ఇంధనం ఎంత ఉంది, వాన పడుతోందా, ఎంతసేపటికి మామూలైంది. "అప్పుడప్పుడు ఆగిపోతోంది" అని చెబితే ఏ మెకానిక్‌కైనా చేసేదేమీ ఉండదు. "అరగంట నడిచాక ఐడ్లింగ్‌లో ఆగింది, చల్లారాక మళ్లీ స్టార్ట్ అయింది" అంటే వెతకాల్సిన చోటు సగానికి తగ్గిపోతుంది.

వేడెక్కాక ఆగి, చల్లారాక స్టార్ట్ అయ్యే బండిలో ముందు అనుమానించాల్సింది క్రాంక్ సెన్సర్‌ని (ఇంజిన్ తిరగడాన్ని పసిగట్టేది), తర్వాత ఫ్యూయల్ పంపుని, దాని రిలేని. వానలోనే మిస్సింగ్ వస్తే కాయిళ్లు, కనెక్టర్లు చూడాలి. పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు ఐడ్లింగ్ ఊగి, వేడెక్కాక సర్దుకుంటే ఇన్‌టేక్ వైపు గట్టిపడిన రబ్బరు సీళ్ల దగ్గర గాలి లీకవుతూ ఉండొచ్చు.

పాత యజమాని బిల్లులు దొరికితే జాగ్రత్తగా చదవండి. ఏడాదిలో రెండుసార్లు థర్మోస్టాట్, ఒకసారి రేడియేటర్, ఒకసారి వాటర్ పంపు మారాయంటే, ఇంజిన్ వేడెక్కే లోపాన్ని వాళ్లూ వెతికి వదిలేశారని అర్థం.

స్కానర్ చెప్పేదేమిటి

స్టీరింగ్ కింద, బండి కంప్యూటర్‌ని చదవడానికి 16 పిన్నుల ఓబీడీ సాకెట్ ఉంటుంది. ఫోనుకి కలిసే చవక బ్లూటూత్ అడాప్టర్‌తో ఇంజిన్ కోడ్లు (లోపం గుర్తించినప్పుడు కంప్యూటర్ రాసుకునేవి) చదవొచ్చు. ఏబీఎస్, ఎయిర్‌బ్యాగ్, గేర్‌బాక్స్ కంప్యూటర్లను చదవాలంటే మాత్రం ఆ కంపెనీ బండ్లకు సరిపడే స్కానర్ కావాలి.

కోడు కనిపించగానే చెరిపేయకండి. ముందు కోడ్లు, పెండింగ్ కోడ్లు (ఇంకా ఖాయం కానివి), ఫ్రీజ్ ఫ్రేమ్ అన్నీ ఫొటో తీసుకోండి. కోడు పడిన క్షణంలో ఇంజిన్ వేగం, ఉష్ణోగ్రత, లోడు ఎంతున్నాయో ఫ్రీజ్ ఫ్రేమ్‌లో ఉంటుంది. కోడు చెరిపితే అదీ పోతుంది.

కోడు పార్టు పేరు చెప్పదు, లక్షణం చెబుతుంది. పీ0171 పడితే చాలామంది ఆక్సిజన్ సెన్సర్ మార్చేస్తారు. నిజానికి ఆ సెన్సర్ చెబుతున్నది గాలి ఎక్కువైందనో, పెట్రోలు తక్కువైందనో మాత్రమే. ఏదో తేల్చడానికి లైవ్ డేటాలో ఫ్యూయల్ ట్రిమ్ (కంప్యూటర్ పెట్రోలును ఎంత శాతం పెంచుతోందో, తగ్గిస్తోందో) చూడాలి. ఇంజిన్ పూర్తిగా వేడెక్కాక షార్ట్ టర్మ్ (అప్పటికప్పటిది), లాంగ్ టర్మ్ (నేర్చుకుని నిలుపుకున్నది) రెండూ కూడండి. మొత్తం సున్నాకి అటూ ఇటూ 5 శాతంలో ఉంటే ఆరోగ్యం, 10 శాతం దాటితే అనుమానం. ముందు ఐడ్లింగ్‌లో, తర్వాత 2500 ఆర్‌పీఎం దగ్గర నిలకడగా పట్టి చూడండి. ఐడ్లింగ్‌లో ప్లస్ 20 ఉండి, రేస్ చేయగానే ప్లస్ 4కి దిగితే వాక్యూమ్ లీకు (ఇన్‌టేక్‌లోకి లెక్కకు రాని గాలి దూరడం). ఐడ్లింగ్‌లో బయటి నుంచి దూరే గాలి మొత్తంలో పెద్ద వాటా, రేస్ చేసినప్పుడు అదే లీకు లెక్కలోకి రానంత చిన్నది. ఐడ్లింగ్‌లో బాగానే ఉండి, ఎత్తు ఎక్కేటప్పుడో గట్టిగా తొక్కినప్పుడో ప్లస్‌లోకి పోతే పెట్రోలు చాలడం లేదు, లేదా గాలిని కొలిచే ఎంఏఎఫ్ సెన్సర్‌కి మురికి పట్టి తక్కువ చూపిస్తోంది. ఆ సెన్సర్‌ని దానికోసమే చేసిన స్ప్రేతో కడగండి, బ్రేక్ క్లీనర్‌తో కాదు. వాక్యూమ్ లీకు ఎక్కడుందో కంటికి కనిపించకపోతే స్మోక్ టెస్టు చేయించండి. ఇన్‌టేక్‌లోకి పొగ పంపితే చీలిన హోసు దగ్గర అది బయటికొస్తుంది.

పీ0420 ఖరీదైన కోడు, ఎందుకంటే అది చూడగానే కెటాలిటిక్ కన్వర్టర్ (పొగను శుద్ధి చేసేది) మార్చమంటారు. ముందు సైలెన్సర్ పైపు జాయింట్ల దగ్గర లీకు లేదని, మిస్సింగ్ లేదని, ఇంజిన్ ఆయిల్ తాగడం లేదని నిర్ధారించుకోవాలి. ఈ మూడింటిలో ఏది మిగిలి ఉన్నా కొత్త కన్వర్టరూ పాడవుతుంది, లేదా కోడు మళ్లీ పడుతుంది.

బండి ఇంకా కొనలేదంటే స్కానర్‌లో రెడీనెస్ మానిటర్లు (కంప్యూటర్ తన సొంత పరీక్షలు పూర్తిచేసిందో లేదో చూపేవి) చూడండి. చాలావరకు "ఇన్‌కంప్లీట్" అని చూపిస్తే ఇటీవలే ఎవరో కోడ్లు చెరిపారు, లేదా బ్యాటరీ తీశారు. ఆ బండి వంద కిలోమీటర్లైనా తిరిగాక మళ్లీ చూడకుండా డబ్బు ఇవ్వొద్దు.

అన్నిటికంటే ముందు కరెంటు

సంబంధం లేని కోడ్లు అయిదారు ఒకేసారి పడితే కంప్యూటర్ పోయిందని భయపడకండి. ముందు బ్యాటరీ, ఎర్త్ (బ్యాటరీ నెగటివ్‌ని ఇంజిన్‌కీ బాడీకీ కలిపే వైరు) చూడండి. రాత్రంతా ఆగిన బండిలో బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర ఉండాలి, 12.2 అంటే సుమారు సగం ఖాళీ. సెల్ఫ్ కొడుతున్నప్పుడు 9.6 కంటే కిందికి పడితే బ్యాటరీ బలహీనం, లేదా సెల్ఫ్ మోటర్ ఎక్కువ లాగుతోంది. ఇంజిన్ నడుస్తుంటే 13.8 నుంచి 14.5 మధ్య సాధారణం. కొన్ని కొత్త బండ్లలో ఆల్టర్నేటర్‌ని కంప్యూటరే తగ్గిస్తుంది కాబట్టి ఒక్క రీడింగు చూసి తీర్పు చెప్పకూడదు.

ఎర్త్ వైరును ఓమ్స్‌లో కొలిస్తే లాభం లేదు. ఒక్క పోగు మిగిలినా మల్టీమీటరు బాగానే ఉందంటుంది. లోడులో ఉన్నప్పుడు వోల్టేజి డ్రాప్ (ఆ వైరులో పోయే వోల్టులు) కొలవాలి. మీటరు ఒక ముల్లు బ్యాటరీ నెగటివ్ పోస్టు మీద, రెండోది ఇంజిన్ బ్లాకు మీద శుభ్రమైన లోహం మీద పెట్టి సెల్ఫ్ కొట్టించండి. 0.2 వోల్టుల లోపు ఉంటే మంచిది, 0.5 దాటితే ఆ ఎర్త్ వైరు తుప్పు పట్టింది లేదా వదులైంది. బోల్టు విప్పి, గీకి బిగిస్తే నయమయ్యే లోపాలు ఇక్కడ చాలా ఉంటాయి.

ఈసీఎం మార్చమని ఎవరైనా అంటే దానికొచ్చే పవర్, ఎర్త్ పిన్నుల దగ్గర ఇదే పరీక్ష జరిగిందా అని అడగండి. జరగకపోతే ఆ మాటకి విలువ లేదు. పైగా ఈసీఎంకి చాలా బండ్లలో ఇమొబిలైజర్ (దొంగతనం ఆపే తాళపు వ్యవస్థ) కోడింగ్ కూడా కావాలి.

రాత్రికి రాత్రి బ్యాటరీ దిగిపోతుంటే దొంగ లోడు (ఆపిన బండిలోనూ కరెంటు తాగేది) వెతకాలి. బానెట్ తెరిచి, దాని లాచ్‌నీ డోరు లాచ్‌నీ స్క్రూడ్రైవర్‌తో మూసేయండి, అప్పుడు బండి అన్నీ మూసి ఉన్నాయనుకుంటుంది. తాళం దూరంగా పెట్టండి. నెగటివ్ వైరుకి సిరీస్‌లో మీటరు కలిపి, కంప్యూటర్లు నిద్రపోయేదాకా అరగంట నుంచి గంట ఆగండి. 50 మిల్లీ ఆంపియర్ల లోపు ఉంటే సరే. ఎక్కువ ఉంటే ఫ్యూజులు పీకొద్దు. పీకితే నిద్రపోయిన కంప్యూటర్ లేచి రీడింగంతా తారుమారవుతుంది. ఫ్యూజు నెత్తిన ఉండే రెండు చిన్న లోహపు చుక్కల మీద మిల్లీవోల్టుల్లో కొలవండి. సున్నా కానిది ఎక్కడుందో కరెంటు ఆ దారిలోనే పోతోంది. మీటరు సిరీస్‌లో ఉండగా ఇగ్నిషన్ వేయకండి, మీటరు ఫ్యూజు ఎగిరిపోతుంది.

మిస్సింగ్

పీ0302 పడితే మిస్సింగ్ రెండో సిలిండర్‌లో. దాని కాయిల్ తీసి మూడోదానికి, మూడోదానిది దీనికి మార్చి నడపండి. కోడు పీ0303గా మారితే కాయిల్ పోయినట్టే, ఖర్చు లేకుండా తేలింది. మారకపోతే ప్లగ్గులు అలాగే మార్చండి, ఆ తర్వాత ఇంజెక్టర్. మూడూ మార్చినా మిస్సింగ్ అదే సిలిండర్‌లో నిలిచిపోతే ఇక లోపం వైరింగ్‌లోనో ఇంజిన్ లోపలో ఉంది. అప్పుడు కంప్రెషన్ టెస్టు. అన్ని ప్లగ్గులూ తీసి, పెట్రోలు, స్పార్క్ ఆపి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి సెల్ఫ్ కొట్టాలి. కంపెనీ చెప్పిన అంకె ఎంతైనా, సిలిండర్ల మధ్య తేడా 15 శాతం దాటకూడదు. తక్కువ వచ్చిన సిలిండర్‌లో ఒక చెంచా ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ కొలవండి. పెరిగితే పిస్టన్ రింగులు, పెరగకపోతే వాల్వులు లేదా హెడ్ గాస్కెట్ (ఇంజిన్ హెడ్‌కీ బ్లాకుకీ మధ్య ఉండే సీలు). ఇంకా కచ్చితంగా కావాలంటే లీక్‌డౌన్ టెస్టు: సిలిండర్‌లోకి గాలి పంపి ఎక్కడ బుస కొడుతోందో వినడం. సైలెన్సర్‌లో వినిపిస్తే ఎగ్జాస్ట్ వాల్వు, థ్రాటిల్ దగ్గరైతే ఇన్‌టేక్ వాల్వు, ఆయిల్ మూత దగ్గరైతే రింగులు, రేడియేటర్‌లో బుడగలు వస్తే గాస్కెట్.

కూలెంట్ ఎక్కడికి పోతోంది

గాస్కెట్ కోసం ఇంజిన్ హెడ్ దించితే ఖర్చు భారీగా ఉంటుంది కాబట్టి ఇక్కడ తొందర అసలు పనికిరాదు. ఇంజిన్ పూర్తిగా చల్లారాకే రేడియేటర్ మూత తీయండి. ప్రెషర్ పంపుతో మూత మీద రాసి ఉన్న ఒత్తిడి దాకా కొట్టి పావుగంట వదిలేయండి. ముల్లు దిగితే కింద, హీటర్ హోసుల దగ్గర, వాటర్ పంపు దగ్గర, క్యాబిన్‌లో కాళ్ల కింద తడి వెతకండి. మూత స్ప్రింగు బలహీనమైతే కూలెంట్ తొందరగా మరిగి బయటికి పోతుంది, అదొక్కటి మార్చడం అతి చవక.

బయట ఎక్కడా లీకు లేకుండా మట్టం తగ్గుతుంటే బ్లాక్ టెస్టు చేయండి. నీలం ద్రవమున్న గొట్టాన్ని రేడియేటర్ నోటి మీద పెట్టి, ఇంజిన్ వేడిగా నడుస్తుండగా అక్కడి గాలిని పీల్చాలి. పెట్రోలు బండిలో ద్రవం పసుపుగా మారితే మండిన వాయువు కూలెంట్‌లో కలుస్తోందని అర్థం. ఈ పరీక్ష కోసం మూత తీసేది చల్లగా ఉన్నప్పుడే, మట్టం కొంచెం తగ్గించి స్టార్ట్ చేయాలి. గొట్టంలోకి కూలెంట్ చేరితే ఫలితం పనికిరాదు. చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసిన రెండు నిమిషాల్లోనే పై హోసు రాయిలా గట్టిపడటం కూడా అదే చెబుతుంది. ఆయిల్ మూత కింద మీగడలా పేరుకున్నది చూసి మాత్రం గాస్కెట్ పోయిందనుకోకండి. చిన్న దూరాలే తిరిగే బండిలో చెమ్మ వల్లా అది వస్తుంది.

గేర్‌బాక్స్, చక్రాలు, డీజిల్

ఆటోమేటిక్‌లో నిలకడగా పోతున్నప్పుడు, తేలిగ్గా తొక్కినప్పుడు సన్నగా వణికితే మిస్సింగ్ అనుకుని ప్లగ్గులు, కాయిళ్లు మార్చేస్తారు. ఖాళీ రోడ్డు మీద వణుకు వస్తుండగా యాక్సిలరేటర్ వదలకుండా బ్రేకుని లైటు వెలిగేంత మాత్రం తాకండి. చాలా బండ్లలో టార్క్ కన్వర్టర్ లాకప్ (ఇంజిన్‌ని గేర్‌బాక్స్‌కి గట్టిగా పట్టి ఉంచే క్లచ్) విడిపోతుంది. వణుకు వెంటనే ఆగితే లోపం ఇంజిన్‌లో లేదు, లాకప్ క్లచ్‌లో ఉంది. కంపెనీ చెప్పిన సరైన ఫ్లూయిడ్ మారిస్తేనే తగ్గే కేసులున్నాయి, ముందు అది చేయండి. మట్టం మాత్రం కంపెనీ చెప్పిన ఉష్ణోగ్రతలోనే చూడాలి.

వేగంతో పెరిగే హమ్మింగ్ శబ్దం ఎడమకి వంగినప్పుడు ఎక్కువైతే కుడి చక్రం బేరింగ్, కుడికి వంగినప్పుడైతే ఎడమది. టైర్లు అరిగిన తీరు కూడా ఇలాంటి శబ్దమే చేస్తుంది కాబట్టి ముందుచక్రాలు వెనక్కి మార్చి వినండి.

డీజిల్‌లో ఇంజెక్టర్ల రిటర్న్ పైపులకు ఒకే కొలత సీసాలు తగిలించి ఐడ్లింగ్‌లో నడపండి. మిగతావాటికంటే చాలా తొందరగా నిండిన సీసా ఇంజెక్టరే లోపల లీకవుతోంది. అప్పుడు నాలుగూ మార్చాల్సిన పని లేదు. డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టర్) మాటిమాటికీ మూసుకుపోతుంటే డిప్‌స్టిక్ చూడండి. ఆయిల్ మట్టం పెరిగితే సగంలో ఆగిన రీజెనరేషన్ల (ఆ మసిని కాల్చేసే ప్రక్రియల) వల్ల డీజిల్ కలిసింది. ఆ ఆయిల్‌తో నడిపితే బేరింగులు, టర్బో పోతాయి.

చేయి వేస్తే మాయమయ్యే లోపం

షెడ్డుకి తీసుకెళ్లగానే రాని లోపాన్ని రప్పించాలి. ఇంజిన్ నడుస్తుండగా వైరింగ్ గుత్తులను ఒక్కోచోట మెల్లగా కదపండి. అనుమానమున్న సెన్సర్‌ని హెయిర్ డ్రయ్యర్‌తో వేడి చేయండి. కాయిళ్ల మీద స్ప్రే సీసాతో నీళ్ల తుంపర కొట్టండి, చేతులు దూరంగా ఉంచి. బండి ఆగిపోయిన క్షణం అన్నిటికంటే విలువైనది. అప్పుడే స్కానర్ తగిలించి సెల్ఫ్ కొట్టండి. ఆర్‌పీఎం సున్నా చూపిస్తే క్రాంక్ సెన్సర్ సిగ్నల్ రావడం లేదు, సెన్సర్‌తోపాటు దాని వైరింగూ చూడాలి. ఆర్‌పీఎం వస్తోంటే స్పార్క్, ఫ్యూయల్ ప్రెషర్ చూడండి.

మెకానిక్‌తో మాట, ఖర్చుకి హద్దు

పరీక్షకి పట్టే సమయానికి విడిగా డబ్బు ఇస్తానని ముందే చెప్పండి. అప్పుడు పార్టు అమ్మితేనే గిట్టుబాటు అనే ఒత్తిడి వాళ్లకీ ఉండదు. ఏ పరీక్ష చేశారు, రీడింగు ఎంత, ఎంత ఉండాలి అన్నవి అడగండి. రిపేరయ్యాక ట్రిమ్ అంకెలు, మానిటర్లు చూసుకుని, పాత పార్టు తీసుకుని రండి.

ఇంజిన్ గానీ గేర్‌బాక్స్ గానీ విప్పాల్సి వస్తే, విప్పకముందే ఇంతకు మించి పెట్టను అనే అంకె కాగితం మీద వేసుకోండి. ఆ అంకె బండి ఇప్పుడు అమ్ముడుపోయే ధరలో సగం దాటితే, లోపం చెప్పి ఉన్నదున్నట్టు అమ్మడమే చాలాసార్లు నయం. ఇప్పటిదాకా పెట్టింది ఆ లెక్కలో కలపకండి. వాడిన గేర్‌బాక్స్ వేయించేటట్టయితే దాని మీద ముద్రించిన కోడు మీ బండిదానితో సరిపోవాలి, బయట ఉన్నప్పుడే ఆయిల్ సీళ్లు మార్చాలి. గేర్‌బాక్స్ ఆయిల్ కూలర్‌ని, దాని పైపులను కడగాలి, లేదా కూలర్ కొత్తది వేయాలి. పాత గేర్‌బాక్స్ వదిలిన ఇనుప రజను అందులోనే ఉండిపోయి, వేసిన గేర్‌బాక్స్‌నీ తినేస్తుంది.