ఎక్సర్‌సైజ్ మార్చాలా, అలాగే ఉంచాలా?

జిమ్‌లో తరచూ వినిపించే ప్రశ్న: ఎన్ని వారాలకోసారి ఎక్సర్‌సైజులు మార్చాలి? ఉజ్జాయింపుగా చెప్పాలంటే స్క్వాట్, బెంచ్ ప్రెస్, డెడ్‌లిఫ్ట్ లాంటి పెద్దవాటిని నెలల తరబడి ఉంచుకోవచ్చు. కర్ల్స్, లాటరల్ రైజ్ లాంటి చిన్నవాటిని 6 నుంచి 12 వారాలకు మార్చుకోవచ్చు. అయితే క్యాలెండర్ కంటే లక్షణం చూసి మార్చడమే నయం.

మర్నాడు ఒళ్లు నొప్పులు రావడం లేదు

కంగారేం లేదు. అదే కదలిక మళ్లీ మళ్లీ చేస్తుంటే కండరం దానికి అలవాటుపడి నొప్పి తగ్గుతుంది. దానర్థం పెరగడం ఆగిందని కాదు. బరువో, రెప్సో (ఒక సెట్‌లో ఆపకుండా ఎన్నిసార్లు చేస్తారో ఆ లెక్క) పెరుగుతున్నంత కాలం దేన్నీ కదపకండి.

ఎత్తే బరువు ఒకచోట ఆగిపోయింది

అందరూ ఎక్సర్‌సైజ్ మార్చేసేది ఇక్కడే. నిజానికి ఎక్కువసార్లు తప్పు దానిది కాదు.

ముందు నోట్‌బుక్ తీయండి. రాసే అలవాటే లేకపోతే ఆగిపోయిందని ఎలా తెలిసింది? పోయిన వారం బెంచ్ మీద 60 కిలోలతో మూడు సెట్లలో 8, 8, 7 రెప్స్ కొట్టారు, ఈ వారం 8, 6, 5 అనుకుందాం. బలం తగ్గలేదేమో, సెట్ల మధ్య మూడు నిమిషాల బదులు నిమిషమే ఆగి ఉంటారు. పెద్ద లిఫ్టులకు రెండు మూడు నిమిషాల విశ్రాంతి కావాలి.

తర్వాత చూడాల్సింది బరువు పెంచే తీరు. ఓవర్‌హెడ్ ప్రెస్‌లో 40 నుంచి ఒకేసారి 45కి వెళ్తే పన్నెండున్నర శాతం పెంచినట్టు. భుజాలు ఒప్పుకోవు. అటొకటి, ఇటొకటి 1.25 కిలోల ప్లేట్లు వేసి 42.5 చేయండి. అవి దొరక్కపోతే అదే బరువుతో సెట్‌కి 8 రెప్స్ నుంచి 12 దాకా తెచ్చుకుని, అప్పుడు పెంచండి.

నిద్ర, తిండి సంగతి కూడా చూసుకోండి. ప్రొటీన్ రోజుకి శరీర బరువులో కిలోకి సుమారు 1.6 గ్రాములు ఉంటే చాలామందికి సరిపోతుంది.

ఇవన్నీ బాగానే ఉన్నా లిఫ్టులన్నీ ఒకేసారి వెనక్కి జారుతున్నాయంటే అది అలసట. ఒక వారం సెట్లు సగానికి తగ్గించండి. మిగతావన్నీ పెరుగుతూ ఒక్కటే మొండికేస్తే మాత్రం ముందు దాని రెప్స్ మార్చండి: 8-10 చేసేవాళ్లు బరువు పెంచి 5-6 చేయండి. అయినా కదలకపోతే దగ్గరి చుట్టాన్ని తెచ్చుకోండి: ఫ్లాట్ బెంచ్ స్థానంలో ఇన్‌క్లైన్ (తల వైపు ఎత్తుగా వంచిన బెంచ్), లేదా ఛాతీ మీద ఒక సెకను ఆపి చేసే బెంచ్.

కీలు నొప్పి

ఇది కండరాల నొప్పి కాదు, భరించాల్సిన పనీ లేదు. ఆరు వారాలు నిండేదాకా ఆగకుండా ఈరోజే మార్చండి. స్ట్రెయిట్ బార్ కర్ల్‌తో మణికట్టు లాగితే ఈజీ (EZ) బార్, అంటే వంపులున్న బార్ పట్టండి. స్కల్ క్రషర్‌తో (పడుకుని బార్‌ని నుదుటి వైపు దించి లేపేది) మోచెయ్యి నొప్పెడితే కేబుల్ పుష్‌డౌన్‌కి వెళ్లండి. వాపు, తిమ్మిరి, పొడిచినట్టుండే నొప్పి ఉంటే డాక్టర్ దగ్గరికే.

బోర్ కొడుతోంది

ఇదీ సరైన కారణమే. చిన్నవాటిలో ఒకదాన్ని మార్చుకోండి.

ప్రతి వారం మారుస్తున్నా ఫలితం లేదు

కొత్త ఎక్సర్‌సైజ్‌లో మొదటి వారాల్లో బరువులు చకచకా పెరుగుతాయి. అందులో ఎక్కువ భాగం ఆ కదలికని నాడీవ్యవస్థ నేర్చుకోవడం వల్లే. అది నేర్చుకుని, అసలు బరువు మోపే సమయానికి మీరు ఇంకోదానికి దూకితే మళ్లీ మొదటికే. "కండరాన్ని కన్ఫ్యూజ్ చేయాలి" అన్న మాట పట్టుకుంటే జరిగేది ఇదే. నాలుగైదు లిఫ్టులు ఎంచుకుని కనీసం 8 వారాలు వాటిని వదలకండి.

ఒక కండరం మాత్రం వెనకబడింది

ఇక్కడ మార్చడం కంటే చేర్చడం మేలు. తొడ వెనక కండరానికి మోకాలు మడిచే పనీ ఉంది, తుంటిని వెనక్కి చాచే పనీ ఉంది. మోకాలు మాత్రమే మడిచే లెగ్ కర్ల్ ఒక్కటే చేస్తుంటే, తుంటి దగ్గర వంగి లేచే రొమేనియన్ డెడ్‌లిఫ్ట్ కలపండి.

దేన్ని మార్చినా ఒకసారికి ఒక్కటే మార్చండి, లేకపోతే ఏది పనిచేసిందో తెలియదు. మొదటి వారం ఇంకో రెండు మూడు రెప్స్ చేయగల ఓపిక ఉండగానే సెట్ ఆపేయండి, కొత్తదానితో ఒళ్లు నొప్పులు మళ్లీ వస్తాయి మరి. పాత అంకెల్ని కొత్తదానికి అంటగట్టకండి: బార్‌తో 60 కిలోలు నెట్టినంత మాత్రాన చేతికి 30 కిలోల డంబెల్ లేస్తుందని లేదు. 20 దగ్గర మొదలుపెట్టి చూడండి.