మూత్రంలో మంట, చీము: వేడి అనుకుని ఊరుకుంటే

సమస్య: మూత్రానికి వెళ్తే మంట, లోదుస్తుల మీద పసుపుపచ్చ మరక.

ముందు బార్లీ నీళ్లు, సబ్జా గింజలు, కొబ్బరిబోండాం అవుతాయి. నీళ్లు తక్కువ తాగి వచ్చిన మంటైతే వాటితోనే సర్దుకుంటుంది. చీము కారుతుంటే మాత్రం వేడి కాదు.

కారణం: కండోమ్ లేకుండా కలిసిన 2 నుంచి 7 రోజుల్లో చిక్కటి చీము మొదలైతే ఎక్కువగా గనేరియా. పెద్దవాళ్లు సెగవ్యాధి అనేది దీన్నే. వారం, మూడు వారాల మధ్య పల్చటి చుక్కలా కనిపిస్తే క్లమీడియా అనే మరో సుఖవ్యాధి కావచ్చు. రెండూ కలిసి రావడమూ మామూలే.

పరిష్కారం: మామూలు యూరిన్ కల్చర్‌లో ఇవి సాధారణంగా బయటపడవు, క్రిమి జన్యుపదార్థాన్ని వెతికే న్యాట్ (NAAT) పరీక్ష కావాలి. దానికి కనీసం గంటసేపు మూత్రం ఆపుకుని, మొట్టమొదట వచ్చే ధారనే డబ్బాలో పట్టాలి. అలవాటుకొద్దీ మొదటిది వదిలేసి మధ్యలోది పట్టి ఇస్తే ఉన్న జబ్బు కూడా దొరక్కపోవచ్చు.

మెడికల్ షాపులో అడిగి సిప్రోఫ్లాక్సాసిన్ మింగకండి, గనేరియా దానికి ఎప్పుడో మొండికేసింది. ప్రభుత్వ ఆసుపత్రుల్లో సుఖవ్యాధుల కోసం ఉన్న సురక్ష క్లినిక్‌లలో పరీక్ష, మందులు ఉచితం. హెచ్‌ఐవీ, సిఫిలిస్ పరీక్షలు కూడా అప్పుడే చేయించుకోండి.

సమస్య: మందు వాడాక తగ్గింది, నెల తిరక్కుండా మళ్లీ మొదలు.

చాలామంది మందు పనిచేయలేదని డాక్టర్ని మారుస్తారు. చాలాసార్లు అసలు కారణం ఇంట్లోనే ఉంటుంది. భర్త ఒక్కడే మందు వేసుకున్నాడు, భార్యకి ఎవరూ చెప్పలేదు. "ఆమెకేం లేదు కదండీ" అంటారు. ఆడవాళ్లలో చాలామందికి పైకి ఏమీ తెలియదు, లోపల గర్భనాళాలు మాత్రం దెబ్బతింటుంటాయి. పిల్లలు పుట్టకపోవడానికి, గర్భసంచి బయట గర్భం నిలవడానికి ఇదీ ఒక కారణం.

అందుకే గత రెండు నెలల్లో కలిసినవాళ్లందరికీ చికిత్స జరగాలి. అందరి మందులూ అయ్యాక మరో 7 రోజులు కలయిక వద్దు. ఇంట్లో ఎలా చెప్పాలన్న టెన్షన్ మందు బిళ్లకంటే చేదే. సురక్ష కౌన్సిలర్‌తో ముందు మాట్లాడండి, ఇద్దర్నీ కూర్చోబెట్టి చెప్పడం వాళ్లకి రోజూ పనే.

సమస్య: తెల్లబట్ట.

దురద, పెరుగు తరకల్లాంటి స్రావం అయితే చాలావరకు ఫంగస్, సుఖవ్యాధి కాదు. అనవసరంగా భర్తని అనుమానించకండి. పొత్తికడుపులో నొప్పి, జ్వరం తోడైతే మాత్రం ఆ రోజే గైనకాలజిస్టు దగ్గరికి వెళ్లాలి.

మళ్లీ రాకుండా: కండోమ్ మొదటినుంచి చివరిదాకా ఉండాలి, మధ్యలో తొడుక్కుంటే లాభం లేదు. తగ్గిపోయినా 3 నెలలకు ఇంకోసారి పరీక్ష చేయించుకోండి. దగ్గరి క్లినిక్ ఎక్కడో జాతీయ ఎయిడ్స్ హెల్ప్‌లైన్ 1097కి ఫోన్ చేస్తే చెబుతారు.