సెయింట్ ఆగస్టీన్‌లో గంటసేపు సెగ్వే టూర్: వెళ్లేముందు తెలుసుకోవాల్సినవి

ఫ్లోరిడాలోని సెయింట్ ఆగస్టీన్‌కి ఒక్కరోజు కోసం వెళ్తుంటే, ఊళ్లోకి చేరగానే ముందు గంటసేపు సెగ్వే టూర్ చేయండి. సెగ్వే అంటే పలక మీద నిలబడి నడిపే రెండు చక్రాల బ్యాటరీ బండి. కోట, మ్యూజియం, షాపింగ్, భోజనం అన్నీ ఆ తర్వాతే. మేముండేది జాక్సన్‌విల్‌లో. ఇక్కడి నుంచి కారులో దాదాపు గంట ప్రయాణం కాబట్టి ఇండియా నుంచి ఎవరొచ్చినా వాళ్లను ఈ ఊరికి తీసుకెళ్లే పని నాదే. మొన్న మా మామయ్యగారు, అత్తయ్యగారు వచ్చినప్పుడు కూడా ఇలాగే చేశాం.

గంటలో ఊరంతా చూసేయొచ్చని కాదు నేను చెప్పేది. సెగ్వే మీద ఏ భవనం లోపలికీ వెళ్లరు. కానీ కోట ఎటుంది, వంతెన ఎటుంది, ఏ వీధి ఎక్కడ తేలుతుంది అన్నది గంటలో మనసులో నిలుస్తుంది. పుస్తకం తెరవగానే విషయసూచిక చూసుకుంటాం కదా, ఇది అలాంటిదే. అందుకే రెండు గంటల టూర్ కన్నా చిన్నది తీసుకోమంటాను. అలవాటు లేనివాళ్లకు గంట దాటాక అరికాళ్లు, పిక్కలు పట్టేస్తాయి. ఆ నొప్పి మీద ఉన్నప్పుడు గైడ్ ఎంత మంచి కథ చెప్పినా చెవికెక్కదు.

బుక్ చేసేముందు అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. మొదటిది బరువు. టూర్లలో ఎక్కువగా కనిపించే ఐ2 మోడల్‌కి తయారీదారు పెట్టిన హద్దు 100 నుంచి 260 పౌండ్లు, అంటే సుమారు 45 నుంచి 118 కిలోలు. పై హద్దు సంగతి అందరికీ అర్థమవుతుంది కానీ కింది హద్దును మనవాళ్లు పట్టించుకోరు. సెగ్వేకి విడిగా బ్రేకు ఉండదు, వెనక్కి వాలితేనే ఆగుతుంది. మనిషి మరీ తేలికైతే ఆ వాలు సరిపోదు. సన్నగా ఉండే పిల్లల్నీ పెద్దవాళ్లనీ ఎక్కించేముందు ఈ విషయం చూసుకోండి. వయసు హద్దు ఒక్కో సంస్థకు ఒక్కోలా ఉంటుంది, ఫోన్ చేసి కనుక్కోండి. పదహారేళ్ల లోపు వాళ్లు హెల్మెట్ పెట్టుకోవాలని ఫ్లోరిడా చట్టమే చెబుతోంది. మిగతావాళ్లు కూడా పెట్టుకోవాల్సిందే అని నా మాట.

గర్భిణులు, కళ్లు తిరిగే సమస్య ఉన్నవాళ్లు, మోకాలి ఆపరేషన్ అయినవాళ్లు ఎక్కకూడదు. మా అత్తయ్యగారికి మోకాళ్ల నొప్పులు. ఆవిడ కోసం ఊరు చుట్టి తిప్పే ట్రామ్ బండి టికెట్ తీసుకున్నాం. మా వారు ఆవిడతో వెళ్లారు, నేను మామయ్యగారితో సెగ్వే ఎక్కాను. "అందరం కలిసే తిరగాలి" అని పట్టుబట్టి ఇష్టం లేనివాళ్లను ఎక్కించొద్దు. కాళ్లు బిగబట్టుకుని నిలబడే మనిషికి అది టూర్ కాదు, శిక్ష.

ఇంకో సంగతి. ఈ యంత్రాన్ని కనిపెట్టిన డీన్ కామెన్ దీన్ని 2001 డిసెంబరులో లోకానికి చూపించారు. 2020 జులైలో ఆ మోడల్ తయారీ ఆపేశారు. అంటే టూర్లలో ఇప్పుడు తిరిగేవన్నీ కొన్నేళ్లు వాడిన బండ్లే. వాడినవని భయపడక్కర్లేదు, గట్టి బండ్లే. కాకపోతే ఎక్కేముందు టైర్లలో గాలి సరిగ్గా ఉందా, బ్యాటరీ నిండుగా ఉందా అని మొహమాటపడకుండా అడగండి. మంచి గైడ్ ఆ ప్రశ్నకు చిరాకుపడరు.

బట్టల విషయంలో రాజీ వద్దు. చీర అసలు వద్దు. చుడీదార్ పర్వాలేదు కానీ చున్నీ కారులో వదిలేయండి. పొడవాటి కుర్తా అంచులు చక్రం దాకా జారకుండా చూసుకోండి. కాళ్లకు మడమ దాకా పట్టుండే బూట్లు కావాలి, చెప్పులు పనికిరావు. భుజాన వేలాడే బ్యాగు బరువు ఒక పక్కకు లాగుతుంది కాబట్టి వీపుకు తగిలించుకునేదైతే మేలు. ఫోన్ జేబులోనే ఉండాలి. ఫొటోలు గైడ్ ఆపిన చోటే, కిందికి దిగాకే.

వేళ విషయానికొస్తే, పొద్దున తొమ్మిది, పది మధ్య బయల్దేరే బ్యాచ్ మంచిది. వేసవిలో అక్కడ మధ్యాహ్నం దాటితే ఉరుములతో వాన పడటం మామూలే. నవంబరు మధ్య నుంచి జనవరి దాకా ఊరంతా దీపాలు పెడతారు, చాలా అందంగా ఉంటుంది. ఆ దీపాల కోసం సాయంత్రం విడిగా ఉండండి. సెగ్వేకి మాత్రం ఆ జనసమ్మర్దం కుదరదు.

ఇక అసలు విషయం, మొదటి పదిహేను నిమిషాల శిక్షణ. టూర్ బాగా జరిగేదీ పాడయ్యేదీ ఇక్కడే. టైమ్ పోతోందని తొందరపడేవాళ్లను చూస్తుంటాను. నిజానికి ఆ కాసేపు ఎంత ఓపికగా నేర్చుకుంటే మిగతా టూర్ అంత హాయిగా సాగుతుంది.

ఎక్కేటప్పుడు గైడ్ ముందు నిలబడి హ్యాండిల్ పట్టుకుంటారు. ఒక కాలు పెట్టగానే బండి కాస్త కదిలినట్టనిపిస్తుంది. అప్పుడు ఆగిపోకుండా రెండో కాలు కూడా వెంటనే పెట్టేయాలి. ఒక కాలు నేల మీద, ఒక కాలు పలక మీద పెట్టుకుని ఆలోచిస్తూ నిలబడితేనే ఇబ్బంది. ఎక్కాక చాలామంది హ్యాండిల్‌ను ఊతకర్రలా గట్టిగా పట్టుకుని ముందుకు నెడతారు. అలా నెడితే బండి ముందుకెళ్తుంది, భయపడి లాగితే వెనక్కొస్తుంది. ఈ ఊగులాటకు కారణం బండి కాదు, మన చేతులు. పట్టు వదులు చేసి, మోకాళ్లు కాస్త సడలించి, చూపు దూరంగా ఒక చెట్టు మీదో స్తంభం మీదో నిలపండి. కాళ్లకేసి చూడొద్దు. రెండు మూడు ఊపిర్లలో బండి దానంతటదే నిలకడగా నిలుస్తుంది.

ముందుకు పోవాలంటే నడుము వంచకూడదు. ఒంటిని నిటారుగా ఉంచి, బరువును మడమల నుంచి కాలివేళ్ల మీదికి తేవాలి. ఆగాలంటే బరువు మడమల మీదికి. కుర్చీలో కూర్చోబోతున్నట్టు నడుమును కాస్త వెనక్కి వంచమని గైడ్లు చెబుతారు, అది బాగా పనిచేస్తుంది. పూర్తిగా ఆగాక మళ్లీ నిటారుగా నిలబడాలి, లేకపోతే బండి వెనక్కి నడుస్తుంది. తిరగడానికి హ్యాండిల్‌ను ఏ పక్కకు వంచితే అటు తిరుగుతుంది. మలుపుకు ముందే వేగం తగ్గించండి.

దిగడం దగ్గరే ఎక్కువమంది పొరబడతారట, మా గైడ్ చెప్పింది. బండి పూర్తిగా ఆగాక, ఒక కాలు వెనక్కి నేల మీద పెట్టి, ఆలస్యం లేకుండా రెండోది కూడా దించాలి. రెండు కాళ్లూ నేల మీదికొచ్చేదాకా హ్యాండిల్ వదలకూడదు. ముందుకు దూకి దిగడం ఎప్పుడూ వద్దు. ఇదంతా శిక్షణలోనే నాలుగైదుసార్లు చేసి చూపించమని అడగండి. మా మామయ్యగారు "అమ్మా, ఇంకోసారి" అని తెలుగులోనే గైడ్‌ని అడిగారు. ఆ అమ్మాయికి భాష అర్థం కాకపోయినా విషయం అర్థమై నవ్వుతూ మళ్లీ చూపించింది.

ఐ2 గరిష్ఠ వేగం గంటకు 12.5 మైళ్లు. కొత్తవాళ్లకు వేగం సగానికి తగ్గించే సెట్టింగ్ ఉంటుంది, అదే పెట్టమనండి. హద్దు దాటబోతే హ్యాండిల్ మనవైపు నెట్టుకొస్తుంది. దాని మీద పంతం పట్టకుండా వెనక్కి తగ్గాలి. హ్యాండిల్ గజగజ వణికితే వెంటనే ఆపి దిగి గైడ్‌ని పిలవండి.

దారి మీద జాగ్రత్తగా చూడాల్సింది నేలనే. పాత ఊరు కాబట్టి ఇటుకలు పరిచిన వీధులు చాలా ఉన్నాయి. ఇటుకల మీద మోకాళ్లు వదులుగా ఉంచి మెల్లగా పోతే చాలు. సైడ్‌వాక్ ర్యాంపును ఎప్పుడూ ఎదురుగా ఎక్కాలి. పక్కవాటంగా వెళ్తే ఒక చక్రం గట్టుకు తగిలి మనిషి పడిపోతాడు. తడి ఇనుప మూతలు, ఇసుక, రాలిన ఆకుల గుట్టలు తప్పించుకోండి. ముందున్న బండికి కనీసం పది అడుగుల ఎడం ఉంచండి. నడిచేవాళ్లకు దారివ్వడం మన బాధ్యత, దాటేముందు మాటతోనైనా హెచ్చరించాలి. ఇది మర్యాదే కాదు, ఫ్లోరిడా చట్టం కూడా.

దారి ఏదన్నది గైడ్ నిర్ణయిస్తారు. అయినా పాత ఊరు చిన్నది కాబట్టి ముఖ్యమైనవి ఎలాగూ తగులుతాయి. ఎదురుగా కనిపించే నీళ్లు మటాంజస్ అఖాతం, సముద్రం కాదు. బీచ్ కావాలంటే సింహాల వంతెన దాటి అనస్తేసియా ద్వీపం అవతలికి కారులో వెళ్లాలి.

గైడ్ మొదట చెప్పేది ఊరి పుట్టుక గురించే. స్పెయిన్ నుంచి పెద్రో మెనెందెజ్ 1565 సెప్టెంబరులో ఇక్కడ దిగాడు. అమెరికా సంయుక్త రాష్ట్రాల ప్రధాన భూభాగంలో యూరోపియన్లు స్థాపించి, నేటిదాకా ఆగకుండా జనం ఉంటున్న ఊళ్లలో ఇదే పాతది. 1565 అనగానే మామయ్యగారు నావైపు తిరిగి, "తళ్లికోట యుద్ధం జరిగిన ఏడాది" అన్నారు. జనవరిలో అక్కడ విజయనగర సైన్యం కూలింది, అదే ఏడు సెప్టెంబరులో ఇక్కడ ఈ ఊరు మొదలైంది. పిల్లలకు ఆ తేదీ గుర్తుండాలంటే ఈ ముడి చాలు. నేను ఇప్పుడు అందరికీ ఇలాగే చెబుతున్నాను.

కాస్తియో దే శాన్ మార్కోస్ కోట దగ్గర టూర్ బయటే ఆగుతుంది. 1672లో మొదలుపెట్టి 1695 నాటికి కట్టారు. గోడలు కొకీనా రాయివి. చిన్న చిన్న గుల్లలు వేల ఏళ్లు ఒకదానికొకటి అతుక్కుని రాయిగా మారినది ఇది. ఫిరంగి గుండు తగిలితే పగలకుండా, గుండును లోపలికి ఇముడ్చుకునేది. రాళ్ల మధ్య సున్నం కూడా ఆలిచిప్పలు కాల్చి చేసినదే. మామయ్యగారు రోడ్లు భవనాల శాఖలో ఇంజనీరుగా చేశారు. "ఇది మన గుల్ల సున్నమే కదా!" అని ఆ గోడకేసి అలాగే చూస్తూ ఉండిపోయారు. 1702లో ఇంగ్లిషువాళ్లు ముట్టడించినప్పుడు ఊరు ఊరంతా ఈ గోడల మధ్య తలదాచుకుంది. బయట ఊరు తగలబడింది, కోట మాత్రం చిక్కలేదు. టూర్ అయ్యాక మీరు టికెట్ కొనుక్కుని లోపలికి వెళ్లాల్సిన మొదటి చోటు ఇదే.

కింగ్ వీధిలో ఫ్లాగ్లర్ కాలేజీ దగ్గర అందరూ తల ఎత్తి చూస్తారు. చమురు కుబేరుడు రాక్‌ఫెల్లర్ వ్యాపార భాగస్వామి హెన్రీ ఫ్లాగ్లర్ 1888లో హోటల్‌గా తెరిచిన భవనం. 1968 నుంచి కాలేజీ. ఎదురుగా లైట్నర్ మ్యూజియం, అదీ ఆయన కట్టించిన హోటలే. దాని పాత ఈతకొలను అడుగున ఇప్పుడు కేఫ్ ఉంది.

నేను గైడ్‌ని తప్పకుండా ఆపమని అడిగేది ఊరి నడిబొడ్డున ఉన్న ప్లాజా దగ్గర. కొందరు ఫిరంగులు చూపించి ముందుకు సాగిపోతారు. 1964 జూన్ 9 రాత్రి మార్టిన్ లూథర్ కింగ్ సహచరుడు ఆండ్రూ యంగ్ నల్లజాతివాళ్ల పౌర హక్కుల కోసం ఇక్కడికి శాంతియాత్ర నడిపించుకొచ్చి, తెల్లజాతి మూకల చేతిలో దెబ్బలు తిన్నారు. ఆయన నడిచిన చోట ఆయన అడుగుల గుర్తులు వేశారు. రెండు రోజుల తర్వాత, ఇక్కడికి దగ్గర్లో నీటి ఒడ్డునున్న ఒక మోటల్ మెట్ల మీద మార్టిన్ లూథర్ కింగ్‌ని అరెస్టు చేశారు. తెల్లవాళ్లకు మాత్రమే వడ్డించే చోట భోజనం పెట్టమని అడిగినందుకు. ఆ మోటల్ పడగొట్టేశారు కానీ మెట్లు ఉంచారు. జులై 2న పౌర హక్కుల చట్టం వచ్చింది. ఆ మరుసటి ఏడాది, 1965లో, మనలాంటి దేశాలవాళ్లకు తలుపు తెరిచిన వలస చట్టం వచ్చింది. ఆ ఉద్యమం లేకపోతే మనలో ఎంతమంది ఈ దేశంలో ఉండేవాళ్లం? అందుకే అక్కడ బండి దిగి రెండు నిమిషాలు నిలబడండి. పిల్లలకు చెప్పండి.

టూర్ అయ్యాక గైడ్‌కి టిప్పు ఇవ్వడం ఇక్కడి పద్ధతి, 15 నుంచి 20 శాతం ఇస్తారు. కాసేపు కూర్చుని నీళ్లు తాగండి, దిగగానే నేల కదులుతున్నట్టు అనిపించడం సహజం. వానకు ముందే కోట చూసేయండి. వాన మొదలయ్యాక లైట్నర్ మ్యూజియం. సెయింట్ జార్జ్ వీధిని చివరికి ఉంచుకోండి, అది నడిచే వాళ్ల వీధి. ఆ దుకాణాల్లో డాటిల్ మిరపకాయ సాస్ అమ్ముతారు. ఈ ఊరి సొంత మిరప అది, కాస్త తియ్యగా మొదలై గట్టిగా మండుతుంది. మామయ్యగారు ఊరికి పట్టుకెళ్తానని సీసాలు కొన్నారు. మీరూ కొంటే విమానంలో చేతి సంచిలో కాకుండా చెక్-ఇన్ పెట్టెలో బట్టల మధ్య చుట్టి పెట్టండి.