టెక్సాస్ ఎండల్లో కోలీతో అజిలిటీ: సాధన, పోటీ, ముందుజాగ్రత్తలు

కోలీ జాతి కుక్కతో వేసవిలో వచ్చే చిక్కంతా ఒక్క మాటలో ఉంది: యజమాని చాలనేదాకా అది పరుగు ఆపదు. లాబ్రడార్ అలసిపోతే చెట్టు కింద చతికిలబడి, పిలిచినా లేవనని తేల్చి చెప్పేస్తుంది. కోలీ మాత్రం నాలుక బారెడు వేలాడుతున్నా మన చేతివైపే చూస్తూ, తర్వాత దూకి దాటవలసిన అడ్డకర్ర (బార్) ఏదో చూపించమని అడుగుతూ నిలబడుతుంది. డాలస్ శివార్లలో రెండు కోలీలతో అజిలిటీ (యజమాని సంజ్ఞల ప్రకారం కుక్క వరుసగా అడ్డంకులు దాటే పోటీ ఆట) సాధన చేస్తూ, ఏటా వేసవి పోటీలకు వెళ్లి వస్తున్న అనుభవంతో చెప్పాలంటే, ఇక్కడ నేర్చుకోవలసినది ముందుగా మనమే. ఎప్పుడు మొదలుపెట్టాలన్నది ఆ తర్వాతి సంగతి, ఎప్పుడు ఆపాలన్నదే అసలు విద్య.

ఈ ప్రాంతపు వేసవి సంగతి తెలియనివారి కోసం ఒక లెక్క చెబుతాను. 2011లో డాలస్–ఫోర్ట్‌వర్త్‌లో 71 రోజులు వంద డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే సుమారు 38 డిగ్రీల సెల్సియస్, తాకాయి. రెంటచింతల, రామగుండం ఎండలు చూసిన మనకు ఆ అంకె గొప్పగా అనిపించకపోవచ్చు కానీ, స్కాట్లండ్ కొండల్లో గొర్రెలు కాసిన జాతికి, రెండు పొరల బొచ్చుతో పుట్టిన ప్రాణికి అది పెద్ద అంకె. మనకు ఒళ్లంతా చెమట పడుతుంది, కుక్కకు పాదాల అడుగున తప్ప దాదాపు పట్టదు. దానికి ఉన్న ప్రధానమైన ఉపాయం రొప్పడమే. నాలుక మీది తడి ఆవిరైతేనే ఒళ్లు చల్లబడుతుంది, గాలిలో తేమ ఎక్కువైతే ఆ తడి ఆవిరి కాదు.

ఇక్కడే చాలామంది ఒక సూత్రాన్ని గుడ్డిగా నమ్ముతారు. ఫారెన్‌హీట్ డిగ్రీలకు తేమ శాతాన్ని కలిపి, మొత్తం 150 దాటితే కుక్కను పరుగెత్తించకూడదని ఆ సూత్రం. జూలైలో తెల్లవారుజామున 80 డిగ్రీలు, 85 శాతం తేమ ఉంటే మొత్తం 165. అదే రోజు సాయంత్రం ఐదింటికి 100 డిగ్రీలు, 35 శాతం తేమ ఉంటే మొత్తం 135. ఈ కూడిక ప్రకారం మండుటెండే మేలన్నమాట! కాబట్టి కూడికను పక్కన పెట్టి రెండింటినీ విడివిడిగా చూడాలి. నేను 85 డిగ్రీలు దాటితే ఆరుబయట పరుగు సాధన పెట్టను. అంతకంటే తక్కువే అయినా గాలి ఆడకుండా ఉక్కపోతగా ఉంటే సాధన సమయాన్ని సగానికి తగ్గిస్తాను.

అన్నిటికంటే ప్రమాదకరమైన నెల ఆగస్టు అనుకుంటారు, నా లెక్కలో మే నెల. ఆగస్టు నాటికి కుక్క ఒళ్లు ఎండకు కొంత అలవాటు పడి ఉంటుంది, యజమాని కూడా భయంతో ఒళ్లు దగ్గర పెట్టుకుని ఉంటాడు. ఏప్రిల్‌లో హాయిగా పది నిమిషాలు పరుగెత్తిన కుక్కను మేలో హఠాత్తుగా కాసిన తొలి ఎండలో అదే పది నిమిషాలు పరుగెత్తించడం దగ్గరే పొరపాటు జరుగుతుంది. అలవాటు చేయడానికి కనీసం రెండు మూడు వారాలు పడుతుంది: రోజూ ఉదయం కాస్త ఎండ పొడ తగిలేటప్పుడు పావుగంట నడకతో మొదలుపెట్టి, మూడు నాలుగు రోజులకొకసారి కొద్దిగా పెంచాలి. రోజంతా ఏసీలో పడుకుని, శనివారం ఒక్కసారిగా మైదానానికి వచ్చే కుక్కకు ఈ అలవాటు ఎన్నటికీ రాదు.

బొచ్చు గొరిగించాలా అని నన్ను తరచు అడుగుతారు. వద్దు. పై పొర ఎండను చర్మం దాకా రానివ్వకుండా కాస్తుంది. గొరిగిస్తే చర్మం కమిలిపోతుంది, బొచ్చు మళ్లీ మొలిచేటప్పుడు తీరు మారిపోవచ్చు. తీయవలసింది లోపలి ఊలు లాంటి పొర. వసంతంలో అది ఊడిపోతున్నప్పుడు స్నానం చేయించి, పూర్తిగా ఆరబెట్టి, చర్మం కనబడేలా పాయలు తీస్తూ మెడ వెనక, తొడల వెనక, చంకల్లో దువ్వాలి. నా మూడు రంగుల ఆడకోలీ మల్లికి ఏప్రిల్‌లో ఒక్క పూట దువ్వితే దిండు నిండేంత ఊలు వస్తుంది. పొట్ట కింద, గజ్జల్లో మాత్రం బొచ్చు పొట్టిగా కత్తిరించవచ్చు, చల్లటి నేల మీద పడుకున్నప్పుడు వేడి దిగేది అక్కడినుంచే.

ఇక సాధన. వేసవిలో పూర్తి కోర్సులు, అంటే అడ్డంకుల వరుస మొత్తం, పరుగెత్తించడం మానేసి, ముక్కలుగా నేర్పించడం మంచిది. ఏ-ఫ్రేమ్ (గుడారంలా రెండు వైపులా వాలిన పలకలు), డాగ్‌వాక్ (ఎత్తున ఉండే సన్నటి పలక వంతెన) దిగేటప్పుడు వెనక కాళ్లు పలక మీద, ముందు కాళ్లు నేల మీద ఉంచి ఆగడం నేర్పడానికి గ్యారేజీలో ఒక చెక్క పలక చాలు. వీవ్ పోల్స్‌లోకి (కుక్క మధ్యమధ్యగా అటూ ఇటూ దూరి వెళ్లే నిలువు కర్రల వరుసలోకి) మొదటి కర్రను ఎడమ భుజం వైపు ఉంచి ప్రవేశించడం నేర్పడానికి నాలుగు కర్రలు చాలు. ఒకే బార్ పెట్టి, దాన్ని దాటి మనవైపు తిరగడమా, మననుంచి బయటికి తిరగడమా అన్న సంజ్ఞలు హాల్లోనే నేర్పవచ్చు. మైదానంలో చేసేది ఏదైనా పొద్దున్న ఆరు లోపల, రెండేసి నిమిషాల చొప్పున మూడు విడతలు, విడతకూ విడతకూ మధ్య పది నిమిషాల నీడ. వాచీలో అలారం పెట్టుకోవాలి. ‘ఈ ఒక్కసారి సరిగ్గా చేయించి ఆపుదాం’ అన్న ఆలోచనే అన్ని అనర్థాలకూ మొదలు.

నేల సంగతి వేరుగా చెప్పాలి. గాలి 77 డిగ్రీలున్నప్పుడే ఎండలో ఉన్న తారు నేల 125 దాకా వేడెక్కుతుంది. కృత్రిమ పచ్చిక కూడా అంతే ప్రమాదం, మామూలు గడ్డితో దాన్ని పోల్చకూడదు. చేతి వెనక భాగాన్ని నేలకు ఆనించి ఐదు సెకన్లు ఉంచలేకపోతే కుక్కను అక్కడ నడిపించవద్దు. ఏ-ఫ్రేమ్, డాగ్‌వాక్ పలకల మీద జారకుండా పూసే రబ్బరు పలుకులనూ, ఎండలో పడి ఉన్న టన్నెల్ (కుక్క దూరి వెళ్లే గొట్టం) లోపలినీ ఇలాగే పరీక్షించాలి. టన్నెల్‌లో చెయ్యి కాదు, తల పెట్టి చూస్తే అసలు వేడి తెలుస్తుంది.

వేడి ఎక్కుతున్న గుర్తులు నాలుక దగ్గర మొదలవుతాయి. మామూలు రొప్పులో నాలుక పొడవుగా, సన్నగా ఉంటుంది. వేడెక్కిన కుక్క నాలుక చివర గరిటెలా వెడల్పై పైకి వంగుతుంది, పెదవుల మూలలు వెనక్కి లాగుకుపోయి దవడ పళ్లన్నీ కనబడతాయి, చొంగ చిక్కబడి తీగలా సాగుతుంది, చిగుళ్లు ఇటుక రంగుకు తిరుగుతాయి. పరుగులో తెలిసే గుర్తులు ఇంకా ముందే వస్తాయి కానీ మనం వాటిని తప్పులనుకుని కోప్పడతాం. మూడేళ్ల కిందట మే నెలలో ఒక శనివారం, మల్లికి ఆ రోజు పోటీలో అది మూడో రన్, అంటే మూడో విడత పరుగు. ఎన్నడూ బార్ పడేయని కుక్క రెండో బార్ పడేసింది. టన్నెల్ నుంచి బయటికొచ్చి మలుపు వెడల్పుగా తీసుకుంది. పేరు పెట్టి పిలిస్తే చెవులు కదిలాయి గాని తల తిరగలేదు. ధ్యాస లేదని విసుక్కుంటూ ఇంకో రెండు అడ్డంకులు దాటించాను. రింగు (పోటీ ఆవరణ) బయటికొచ్చాక అది నా కాళ్ల దగ్గరికి రాకుండా, న్యాయనిర్ణేత బల్ల కింది నీడలోకి పోయి, పక్కకు ఒరిగి పడుకుంది. ఆ రోజు నీళ్లతో, ఫ్యాన్‌తో గండం గడిచింది. అప్పటినుంచి బార్ పడితే కుక్క తప్పు వెతకడం మాని, ముందు వాతావరణం చూస్తున్నాను.

పోటీల విషయానికొస్తే, అమెరికన్ కెన్నెల్ క్లబ్ 1994 నుంచి నిర్వహిస్తున్న అజిలిటీలో రోజుకు రెండు మూడు తరగతులకు (పోటీ విభాగాలకు) పేరు ఇవ్వవచ్చు. వేసవిలో ఒక్కటే ఇవ్వండి. ట్రయల్ (పోటీ) ఏసీ ఉన్న హాలులోనా, పైకప్పు మాత్రమే ఉన్న గుర్రాల అరీనాలోనా అన్నది ప్రకటనలో చదివే ఎంట్రీ పంపాలి. భుజం దగ్గర 22 అంగుళాలు దాటిన కోలీ రెగ్యులర్ తరగతిలో 24 అంగుళాల బార్ దాటాలి. ప్రిఫర్డ్ తరగతిలో అది 20 అంగుళాలు. వయసు మీదపడిన కుక్కకు, బరువైన మగకుక్కకు వేసవిలో ప్రిఫర్డ్ మంచి ఎంపిక, అందులో చిన్నతనమేమీ లేదు.

కారులో కుక్కను ఉంచి రింగు చూడటానికి వెళ్లవద్దు. ఎండలో నిలిపిన కారులో గంటకు సుమారు 40 ఫారెన్‌హీట్ డిగ్రీలు పెరుగుతుందని, అందులో ఎక్కువ భాగం మొదటి అరగంటలోనే జరుగుతుందని, అద్దాలు కొద్దిగా దించినందువల్ల పెద్దగా ప్రయోజనం లేదని 2005లో వచ్చిన ఒక పరిశోధన తేల్చింది. ఇంజిన్ నడుస్తూ ఏసీ ఉన్నా, అది ఏ క్షణాన ఆగిపోతుందో చెప్పలేం. ప్లాస్టిక్ డబ్బాలాంటి క్రేట్ (కుక్కను ఉంచే పెట్టె) బదులు నాలుగు వైపులా గాలి ఆడే తీగల క్రేట్ తెచ్చుకుని, దాని మీద వెండిరంగు నీడవల కప్పి, బ్యాటరీ ఫ్యాన్ పెట్టండి. వల క్రేట్‌కు అంటుకోకుండా జానెడు ఎత్తున ఉంటే గాలి ఆడుతుంది. తడిసిన కుక్కను గాలి లేని క్రేట్‌లో పెట్టడం మాత్రం ఇడ్లీ పాత్రలో పెట్టి మూత వేసినట్టే.

రన్ పూర్తయిన తర్వాత కూడా కొన్ని నిమిషాలపాటు కుక్క ఒంటి వేడి పెరుగుతూనే ఉంటుంది కాబట్టి, స్నేహితులతో ముచ్చట్లకు ముందే చల్లబరచాలి. వీపు మీద నీళ్లు చల్లితే కోలీ బొచ్చు మీదనుంచి జారిపోతాయి. పొట్ట, గజ్జలు, చంకలు, పాదాలు తడపాలి. అంతకంటే మెరుగైన పద్ధతి ఒకటుంది. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలోని పనికుక్కల కేంద్రం 2024లో ప్రచురించిన అధ్యయనంలో, వ్యాయామం తర్వాత కుక్క తనంతట తాను తల నీళ్లలో ముంచడం, మెడకు తడిగుడ్డ చుట్టడం, మంచు సంచులు పెట్టడం వంటి పద్ధతులను పోల్చి చూస్తే, తల ముంచడమే అన్నిటికంటే బాగా పనిచేసింది. దీన్ని చలికాలంలోనే నేర్పాలి. వెడల్పాటి బేసిన్‌లో అంగుళం నీళ్లు పోసి అడుగున ఒక ముక్క కోడిమాంసం వేయండి. అది ముక్కు తడుపుకుని తీసుకోవడం అలవాటయ్యాక, వారానికి అంగుళం చొప్పున నీళ్లు పెంచుతూ కళ్లు మునిగేదాకా తీసుకెళ్లండి. తలను చేత్తో నొక్కి ముంచకూడదు, ఒక్కసారి బెదిరితే మళ్లీ బేసిన్ దగ్గరికి రాదు. రొప్పు తీవ్రంగా ఉన్న క్షణంలో కాకుండా, నోరు మూసి ఊపిరి బిగబట్టగలిగేంత నెమ్మదించాకే ముంచమనాలి.

తిండి రన్‌కు కనీసం మూడు గంటల ముందే ముగియాలి. నీళ్లు తాగని కుక్కకు ఉల్లి, వెల్లుల్లి, ఉప్పు లేకుండా ఉడికించిన కోడిరసం కొద్దిగా కలిపితే తాగుతుంది. గుంటూరు నుంచి వచ్చినప్పుడల్లా మా అమ్మ మల్లికి పలుచటి మజ్జిగ పోస్తుంది. ఉప్పు వేయనంతవరకు, కడుపుకు పడినంతవరకు నేను అడ్డు చెప్పను.

వేసవి మందుల గురించి కోలీ యజమానికి తప్పక తెలియవలసిన సంగతి ఒకటుంది. ఎండీఆర్1 అనే జన్యువులో లోపం వల్ల కొన్ని మందులు ఈ జాతి మెదడులోకి చొచ్చుకుపోతాయి. 2001లో వాషింగ్టన్ స్టేట్ విశ్వవిద్యాలయం కనిపెట్టిన ఈ లోపం కోలీలలో సుమారు 70 శాతానికి ఉంటుంది. బోర్డర్ కోలీలలో చాలా అరుదు. హార్ట్‌వార్మ్ (గుండెలో చేరే పురుగు) రాకుండా నెలనెలా ఇచ్చే మాత్రలో ఐవర్‌మెక్టిన్ అనే పురుగుల మందు మోతాదు కిలోకు 6 మైక్రోగ్రాములే కనుక అది ప్రమాదం కాదు. గజ్జికి, పిడుదులకు వేసే సూదిలో అది అంతకు ఎన్నో రెట్లు ఉంటుంది. తెలుగు రాష్ట్రాల్లో వేసవి పిడుదులకు ఈ సూది వేయడం మామూలే కాబట్టి, అక్కడ కోలీని పెంచుతున్నవారు ‘ఇది కోలీ, ఐవర్‌మెక్టిన్ సూది వద్దు, వేరే మందు చెప్పండి’ అని వైద్యుడితో ముందే అనాలి. అలాగే ప్రయాణపు ఒత్తిడికి విరేచనాలైతే మన సంచిలో ఉండే లోపెరమైడ్ మాత్ర ఈ లోపమున్న కుక్కకు వేయకూడదు. తూలడం, చొంగ కార్చడం, కంటిపాపలు విచ్చుకోవడం ఈ విషం లక్షణాలు. ఎండపూట వాటిని వడదెబ్బ అనుకునే ప్రమాదం ఉంది. చెంప లోపల దూదిపుల్లతో తీసిన నమూనా పంపితే లోపం ఉందో లేదో తేలిపోతుంది.

కుక్క ఆరోగ్యంగా ఉన్నప్పుడు ఒంటి వేడి 101 నుంచి 102.5 డిగ్రీలు. గట్టిగా పరుగెత్తాక 104 దాటడం వింత కాదు, పది నిమిషాల్లో రొప్పు నెమ్మదించాలి. నెమ్మదించకపోయినా, అడుగులు తడబడినా, పిలుపుకు పలకకపోయినా, వాంతి చేసుకున్నా అది వడదెబ్బే అనుకోండి. ముందు చల్లబరచాలి, ఆ తర్వాతే ఆస్పత్రికి బయల్దేరాలి. చేతికందిన నీళ్లు, బొచ్చు పాయలు తీసి చర్మం తడిసేలా, ఆపకుండా పోస్తూ ఫ్యాన్ పెట్టాలి. తడి తువ్వాలు కప్పి వదిలేస్తే అది వేడిని లోపలే పట్టి ఉంచుతుంది. స్పృహ లేని కుక్క నోట్లో నీళ్లు పోయవద్దు. థర్మామీటరు 103.5 చూపగానే నీళ్లు ఆపి, ఏసీ కారులో తీసుకెళ్లండి. లేచి తోక ఊపినా సరే వెళ్లాలి, మూత్రపిండాలకు, రక్తం గడ్డకట్టే గుణానికి జరిగిన చేటు ఒకటి రెండు రోజుల తర్వాత గాని బయటపడదు.

ఒకసారి ఒళ్లు అతిగా వేడెక్కిన కుక్కను తర్వాతి వారమే రింగులోకి దించకూడదు. ఆ మే శనివారం తర్వాత మల్లి పేరు జూన్, జూలై ట్రయల్స్ నుంచి తీసేశాను. కట్టిన రుసుము కొంత తిరిగి రాలేదు. రక్తపరీక్షలు బాగానే ఉన్నాయని వైద్యురాలు చెప్పినా, ఎంట్రీ ఫారంలో దాని పేరు మళ్లీ రాసింది అక్టోబరులో, ఒకే తరగతికి, 20 అంగుళాల బార్‌కు.