అమెరికాలో లైఫ్‌లైన్ ఫోన్: కంపెనీని ఎలా ఎంచుకోవాలి

అమెరికాలో తక్కువ ఆదాయం గల కుటుంబాలకు ఫోన్, ఇంటర్నెట్ ఖర్చులో కొంత భాగాన్ని భరించే ఫెడరల్ పథకం లైఫ్‌లైన్. 1985లో ల్యాండ్‌లైన్ ఫోన్ల కోసం మొదలైన ఈ పథకం తరువాతి కాలంలో సెల్‌ఫోన్లకు, 2016 సంస్కరణలతో ఇంటర్నెట్‌కు విస్తరించింది. ప్రభుత్వం ఈ డబ్బును మన చేతికి ఇవ్వదు. సాధారణంగా డేటా ఉన్న ప్లాన్‌కు నెలకు గరిష్ఠంగా 9.25 డాలర్లు, మాటలకే పరిమితమైన ప్లాన్‌కు 5.25 డాలర్లు మనం ఎంచుకున్న కంపెనీకి చేరుతాయి. కంపెనీ ఆ మేరకు బిల్లు తగ్గిస్తుంది, లేదా ఆ సొమ్ముతోనే ఒక ఉచిత ప్లాన్ ఇస్తుంది. ఏ కంపెనీకి వెళ్లినా ప్రభుత్వం ఇచ్చేది అంతే కాబట్టి, ఆ సొమ్ముకు బదులుగా ఎవరు ఏమి ఇస్తున్నారన్నదే మనం పోల్చి చూడవలసిన సంగతి.

కంపెనీల దగ్గరకు వెళ్లే ముందే అర్హత తేల్చుకోవడం మంచిది. కుటుంబ ఆదాయం ఫెడరల్ పేదరిక ప్రమాణంలో (పేదరికానికి ప్రభుత్వం ప్రకటించే ఆదాయ పరిమితిలో) 135 శాతానికి మించకపోతే అర్హత ఉంటుంది. ఆదాయంతో నిమిత్తం లేకుండా స్నాప్ (ఆహార సహాయం), మెడికెయిడ్ (తక్కువ ఆదాయం గలవారి ఆరోగ్య బీమా), ఎస్‌ఎస్‌ఐ (పేద వృద్ధులకు, వికలాంగులకు ఇచ్చే నెలసరి సాయం), ఫెడరల్ గృహ సహాయం, మాజీ సైనికుల పెన్షన్ వంటి పథకాలలో ఏదో ఒకటి పొందుతున్నా చాలు. కుటుంబానికి ఒకే లైఫ్‌లైన్ అన్నది కఠినమైన నియమం. ఒకే ఇంట్లో ఉంటూ ఆదాయాన్ని, ఖర్చులను పంచుకునేవారందరినీ ఒక కుటుంబంగానే లెక్కిస్తారు. ఉద్యోగం చేసే పిల్లలతో కలిసి ఉంటున్న తల్లిదండ్రులు తమకు సొంత ఆదాయం లేదన్న ఒక్క కారణంతో అర్హులు కారు. పిల్లల జీతం కూడా లెక్కలోకి వస్తుంది. అయితే ఆ పెద్దవారికి మెడికెయిడ్ ఉంటే ఆ దారిలో అర్హత లభిస్తుంది. ఒకే చిరునామాలో వేర్వేరు కుటుంబాలు ఉన్నప్పుడు, ఉదాహరణకు అద్దె పంచుకుంటూ ఎవరి సంపాదన వారే ఖర్చు పెట్టుకునేవారు ఉన్నప్పుడు, ఆ సంగతిని తెలిపే ప్రత్యేక పత్రం నింపితే ఎవరిది వారికే వస్తుంది.

అర్హతను తేల్చేది నేషనల్ వెరిఫైయర్ అనే ప్రభుత్వ వ్యవస్థ. లైఫ్‌లైన్‌సపోర్ట్ డాట్ ఆర్గ్ అనే అధికారిక వెబ్‌సైట్ ద్వారా గానీ, తపాలా ద్వారా గానీ, నేరుగా కంపెనీ ద్వారా గానీ దరఖాస్తు చేయవచ్చు. కొన్ని రాష్ట్రాలలో మాత్రం పద్ధతి వేరుగా ఉండవచ్చు. నా సలహా ఏమిటంటే, ముందుగా సొంతంగా దరఖాస్తు చేసి ఆమోదం పొందండి. ఆ తరువాత కంపెనీలో చేరడానికి 90 రోజుల గడువు ఉంటుంది కనుక ఎవరి తొందరా లేకుండా పోల్చి చూసుకోవచ్చు. మన తెలుగువారు ఇక్కడ మరొక జాగ్రత్త తీసుకోవాలి. ఇంటిపేరు ఒక కాగితంలో పూర్తిగా, మరొక కాగితంలో పొడి అక్షరంగా, వేరొక చోట చివరిపేరుగా ఉండడం మనకు మామూలే. వెరిఫైయర్ పేరును, పుట్టిన తేదీని, సోషల్ సెక్యూరిటీ నంబరులోని చివరి నాలుగు అంకెలను రికార్డులతో సరిచూస్తుంది. అందువల్ల సోషల్ సెక్యూరిటీ కార్డుపై పేరు ఎలా ఉందో దరఖాస్తులోనూ అక్షరం పొల్లుపోకుండా అలాగే రాయాలి.

ఇక కంపెనీ ఎంపికలో మొదట చూడవలసింది సిగ్నల్. లైఫ్‌లైన్ కంపెనీల పేర్లు ఎన్ని ఉన్నా, వాటిలో చాలా వాటికి సొంత టవర్లు ఉండవు. వెరైజన్, ఏటీ అండ్ టీ, టీ-మొబైల్ అనే మూడు పెద్ద నెట్‌వర్క్‌లలో ఏదో ఒకదానిపై ఆధారపడి నడుస్తాయి. సేఫ్‌లింక్ వెరైజన్‌కు చెందినది, అష్యూరెన్స్ టీ-మొబైల్‌కు చెందినది. కాబట్టి కంపెనీని అడగవలసిన తొలి ప్రశ్న, "మీ ఫోన్ ఏ నెట్‌వర్క్‌పై పనిచేస్తుంది?" అన్నదే. ఆ నెట్‌వర్క్ మీ పడకగదిలో, వంటింట్లో, మీరు వెళ్లే ఆసుపత్రిలో, పనిచేసే చోట అందుతుందో లేదో అదే నెట్‌వర్క్ వాడుతున్న పొరుగువారి ఫోన్ పట్టుకుని చూడండి. కంపెనీ మ్యాపులు వీధి సంగతి చెప్పగలవు గానీ బేస్‌మెంట్‌లో అద్దెకుంటున్న వారి గది సంగతి చెప్పలేవు. ఆపదలో 911కు ఫోన్ చేయవలసిన వృద్ధులకు ఉచితంగా వచ్చే పెద్ద తెర ఫోన్ కంటే ఇంట్లో నిలకడగా ఉండే సిగ్నలే ముఖ్యం.

రెండవది ప్లాన్. నియమం ప్రకారం మాటల సేవకు నెలకు కనీసం 1000 నిమిషాలు, మొబైల్ డేటా సేవకు కనీసం 4.5 జీబీ ఇవ్వాలి. ఇది కనీస పరిమితి మాత్రమే. కొన్ని కంపెనీలు అంతకన్నా ఎక్కువ ఇస్తాయి. కాలిఫోర్నియాలో రాష్ట్ర ప్రభుత్వం కూడా తన వాటా సబ్సిడీ కలుపుతుంది కనుక అక్కడి ప్లాన్లను విడిగా పరిశీలించాలి. "అపరిమితం" అన్న మాట కనబడితే, ఎన్ని జీబీల వరకు పూర్తి వేగం ఉంటుంది, ఆ తరువాత డేటా నెమ్మదిస్తుందా, పూర్తిగా ఆగిపోతుందా అని అడిగి తెలుసుకోండి. హైదరాబాదులోనో విజయవాడలోనో ఉన్న బంధువులతో రోజూ వాట్సాప్‌లో వీడియో కాల్ మాట్లాడే ఇంటికి 4.5 జీబీ నెలంతా సరిపోవడం కష్టం. ఇంట్లో వైఫై ఉంటే చిక్కులేదు, లేకపోతే డేటా ఎక్కువ ఇచ్చే ప్లాన్‌నే ఎంచుకోవాలి. ఇండియాకు నేరుగా చేసే కాల్స్ ప్లాన్‌లో కలిసి ఉన్నాయో లేదో కూడా అడగాలి.

ఫోన్ విషయంలో చాలామంది పొరబడుతున్నారు. లైఫ్‌లైన్ సబ్సిడీ సేవకే గానీ ఫోన్ పరికరానికి కాదు. కొన్ని కంపెనీలు తమంతట తామే ఉచిత ఫోన్ ఇస్తాయి, కొన్ని సిమ్ మాత్రమే ఇస్తాయి. మీ దగ్గర మంచి ఫోన్ ఉంటే అది ఆ నెట్‌వర్క్‌లో పనిచేస్తుందా, వేరే కంపెనీకి లాక్ అయి ఉందా అని ముందే తెలుసుకోండి. ఇంటర్నెట్ బిల్లుకు నెలకు 30 డాలర్ల వరకు ఇచ్చిన అఫర్డబుల్ కనెక్టివిటీ ప్రోగ్రామ్ అనే మరో ఫెడరల్ పథకం 2024 జూన్ 1న ముగిసింది. దాని పేరు చెప్పి ఇంకా ఉచిత ట్యాబ్లెట్ ఇస్తామనేవారిని నమ్మకండి. లైఫ్‌లైన్ దరఖాస్తుకు రుసుము లేదు; దుకాణం ముందు గుడారం వేసుకుని కూర్చున్న ఏజెంట్ డబ్బు అడిగినా, చదవనివ్వకుండా సంతకం చేయమన్నా అక్కడి నుంచి వచ్చేయండి. ఆ కంపెనీ నిజంగా పథకంలో ఉందో లేదో అధికారిక వెబ్‌సైట్‌లో పిన్‌కోడ్ వంటి జిప్‌కోడ్ ఇచ్చి చూడవచ్చు.

గృహహింస నుంచి బయటపడుతున్నవారికి 2022 నాటి సేఫ్ కనెక్షన్స్ చట్టం ఒక ముఖ్యమైన వెసులుబాటు ఇచ్చింది. హింసించిన వ్యక్తి ఖాతా నుంచి తమ నంబరును విడదీయమని వారు కోరవచ్చు. ఆర్థిక ఇబ్బందిలో ఉంటే ఆరు నెలల వరకు లైఫ్‌లైన్ సాయమూ పొందవచ్చు. ఈ సంగతి తెలియని తెలుగు మహిళలు మన చుట్టూ ఉండవచ్చు, కాబట్టి తెలిసినవారు తప్పకుండా చెప్పాలి.

చేరిన తరువాత సేవ నిలబెట్టుకోవడం మన బాధ్యత. ఉచిత ప్లాన్ అయితే 30 రోజులలో కనీసం ఒక్కసారైనా ఫోన్ చేయడం, మెసేజ్ పంపడం, డేటా వాడడం వంటిది చేయాలి. లేకపోతే 15 రోజుల నోటీసు ఇచ్చి సేవ ఆపేస్తారు. ఇండియాకు కొన్ని నెలల పాటు వెళ్లే పెద్దలు ఈ నియమం ముందే గుర్తుంచుకోవాలి. ఏటా అర్హతను మళ్లీ ధ్రువీకరించాలి. తాజా రికార్డులతో అది దానంతట అది తేలకపోతే మీకు ఉత్తరం వస్తుంది, జవాబుకు 60 రోజుల గడువు ఉంటుంది. ఇల్లు మారితే 30 రోజులలోపు కంపెనీకి కొత్త చిరునామా తెలపాలి, లేకపోతే ఆ ఉత్తరం పాత ఇంటికే పోతుంది.

ఎంచుకున్న కంపెనీ నచ్చకపోతే మరొకదానికి మారవచ్చు. మీ అనుమతి లేకుండా ఎవరూ మీ లైఫ్‌లైన్‌ను మార్చకూడదు. నంబరు అదే ఉండాలనుకుంటే పాత ఖాతా నంబరు, పిన్ (పాత కంపెనీ ఇచ్చే రహస్య సంఖ్య) దగ్గర పెట్టుకుని కొత్త కంపెనీకి ఇవ్వండి. నంబరు కొత్త సిమ్‌లోకి వచ్చి కాల్స్ వెళ్తున్నాయని చూసుకునేవరకు పాత సేవను మీరుగా రద్దు చేయకండి.