‘సిన్స్’తో నా తంటా

ఉద్యోగ దరఖాస్తులో ‘ఐ యామ్ వర్కింగ్ సిన్స్ త్రీ ఇయర్స్’ అని రాశాను. చదివిన స్నేహితురాలు ‘సిన్స్’ కింద గీత గీసి ఊరుకుంది. చిక్కంతా మన ‘నుంచి’తోనే. 2019 నుంచి అన్నా, మూడేళ్ల నుంచి అన్నా తెలుగులో చెల్లుతుంది. ఇంగ్లీషులో మొదలైన సమయానికి ‘సిన్స్’, గడిచిన కాలానికి ‘ఫర్’. ఇప్పుడు రాసే ముందు ఒక్కటే చూసుకుంటాను: ఇది క్యాలెండర్‌లో వేలు పెట్టి చూపించగల తేదీయా, లెక్కపెట్టే వ్యవధియా?

క్రియ ఇంకా మొండిది. మనకు ‘పనిచేస్తున్నాను’ చాలు, అక్కడ ‘హావ్ బీన్ వర్కింగ్’ కావాలి. అది అలవాటయ్యేసరికి నెలలు పట్టింది. ‘కోసం’ గొడవ చిన్నదే: కలవడం కోసం వచ్చానంటే ‘ఫర్ మీట్’ కాదు, ‘టు మీట్’. ‘ఫర్’ పక్కన ‘మీటింగ్’ లాంటి నామవాచకం ఉంటే ఇబ్బంది లేదు.